గుర్తింపు చిహ్నం: మ్యూటబుల్

పొట్నూరు చంద్రకళ ఒంటి మీదున్న రెండు పుట్టుమచ్చలు ప్రతి సోమవారం తెల్లవారేసరికి చోటు మారతాయి. ఆదివారం దాకా మెడ మీదున్నది సోమవారం మోకాలి కింద కనిపిస్తుంది. చెవి వెనకున్నది అరికాలికి దిగుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. వారమంతా ఉన్నచోట బుద్ధిగా ఉండి, మళ్లీ సోమవారానికి మూట సర్దుకుంటాయి.

వీధిలో దీన్ని ఎవరూ వింతగా చూడరు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, చంద్రకళ మచ్చలు సోమవారం మారతాయి. అత్తగారికి మాత్రం పుట్టుమచ్చల శాస్త్రం మీద గురి. అరికాలిలో మచ్చ వస్తే ప్రయాణం, మెడ మీద వస్తే నగ, నాలుక మీద వస్తే అన్నమాట జరిగి తీరుతుంది. మెడ మీదకి వచ్చిన వారాలను బట్టి చూస్తే చంద్రకళకు ఈపాటికి ముప్పై ఏడు నగలు ఉండాలి. పెళ్లినాటి గొలుసు తప్ప ఏమీ లేదు. అయినా నాలుక మీదకి వచ్చిన వారం అత్తగారు కోడలితో గొడవ పెట్టుకోదు. కూరలో ఉప్పెక్కువైనా అమృతంలా ఉందంటుంది.

మచ్చలు మొదటిసారి కనిపించింది ఆమె పదో తరగతి చదివేటప్పుడు. అప్పటినుంచీ సోమవారం సోమవారం అవి ఎక్కడున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టింది. లెక్కలంటే ఇష్టం ఉన్న పిల్ల గనక అలా రాసింది. ఇరవై ఎనిమిదేళ్లకి అవి ఏడు పుస్తకాలయ్యాయి. వాటివల్ల ఉపయోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఇవాళ సోమవారం కదా అని ఇంకో వరస రాసుకునేది.

పద్దెనిమిదేళ్లు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి, ఆరోసారి డీఎస్సీ రాసి, నలభై మూడో ఏట జిల్లాకి నాలుగో ర్యాంకు తెచ్చుకుంది చంద్రకళ. వయోపరిమితి నలభై నాలుగు. ఇది తప్పితే ఇంకొకటి లేదు. ఒకటో తారీఖు గురువారం సర్టిఫికెట్ల పరిశీలనకి జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి పిలిచారు.

పరిశీలించేది సూపరింటెండెంటు దూసి కామేశ్వరరావు గారు. ఎర్రటి ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని కూర్చునే మనిషి. ఆయన పదో తరగతి సర్టిఫికెట్ తీసి, గుర్తింపు చిహ్నాల దగ్గర వేలు పెట్టారు. కుడి చెంప మీద ఒక పుట్టుమచ్చ, ఎడమ మోచేతి కింద ఒక పుట్టుమచ్చ.

"కుడి చెంప," అన్నారు.

చంద్రకళ చెంప చూపింది. అక్కడ ఏమీ లేదు.

"ఎడమ మోచెయ్యి."

అక్కడా లేదు.

"ఈ వారం ఒకటి మడమ మీద, ఒకటి వీపు మీద ఉన్నాయి సార్. సోమవారం మళ్లీ మారతాయి."

"మారితే మారనివ్వండమ్మా, ప్రభుత్వానికి అభ్యంతరం లేదు," అన్నారు కామేశ్వరరావు గారు ఎంతో మర్యాదగా. "కాని సర్టిఫికెట్లో ఉన్నచోటికి మారి రావాలి. పన్నెండో తారీఖు సాయంత్రం అయిదింటి దాకా గడువుంది. ఆలోగా రాకపోతే మీ తరవాతి ర్యాంకు వాళ్లని పిలుస్తాం."

అంటే మిగిలింది రెండు సోమవారాలు. చంద్రకళ వరండాలో కూర్చుని, సర్టిఫికెట్లతోపాటు సంచీలో తెచ్చుకున్న ఏడు పుస్తకాలూ తిరగేసింది. ఇరవై ఎనిమిదేళ్లలో కుడి చెంప మీదకి పదకొండుసార్లు వచ్చాయి. ఎడమ మోచేతి కిందకి తొమ్మిదిసార్లు. రెండూ కలిసి చెప్పినచోట నిలబడ్డ వారం ఒక్కటీ లేదు. ఆమె పుస్తకం మూసేసింది. రాత పరీక్ష దాటింది, ర్యాంకు దాటింది, ఇప్పుడు మినపగింజంత మచ్చ దగ్గర ఆగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గాని, ఇక్కడ పూజారి కూడా తప్పేమీ చేయడం లేదు.

ఆఫీసు అటెండరు పైడిరాజు పక్కన వచ్చి నిలబడ్డాడు. పాతికేళ్లుగా ఆ వరండాలో మనుషుల మొహాలు చూస్తున్నవాడు.

"ఏటమ్మా, ఇంతలోకే అలాగయిపోనారు? గోడెనకాల గాజులమ్మి కాటిక పెన్సిల్లు అమ్మతాది. సెంప మీదొక సుక్క, సెయ్యి మీదొక సుక్క ఎట్టీండి. సగం మంది అదే సేస్తన్నారు."

గోడ వెనక నిజంగానే ఒక ముసలమ్మ కాటుక పెన్సిళ్లు, చిన్న అద్దం పెట్టుకుని కూర్చుంది. సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని అభ్యర్థులు వరసలో ఉన్నారు. కిందటేడాది ఎంపికైన వాళ్లు కూడా ఆవిడకి తెలుసట, కనిపిస్తే నమస్కారం పెడతారట. చంద్రకళ వరస దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. జవాబు ముందే తెలుసు గదాని లెక్క మధ్యలో అంకెలు దిద్దే పిల్లలకి ఆమె పద్దెనిమిదేళ్లుగా సున్నా వేస్తోంది. ఆ సున్నా ఇప్పుడు చెంప మీద పెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

ఆ సాయంత్రమే ఎబినేజరు మాస్టారి ఇంటికి వెళ్లింది. పదో తరగతిలో ఆమెకి క్లాసు టీచరు, ఇంగ్లీషు చెప్పేవారు. ఆ సర్టిఫికెట్లోని మచ్చలను మొదట, పరీక్షల బోర్డుకి పంపే నామినల్ రోల్‌లో రాసింది ఆయనే. డెబ్భై ఒక్కేళ్లు వచ్చినా వేళ్ల మధ్య సుద్దముక్క ఉన్నట్టే చెయ్యి పట్టుకుంటారు. ఆమె చెప్పింది విని, సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని చూశారు.

"ఆ రోజు నామినల్ రోల్స్‌కి ఆఖరి రోజమ్మా," అన్నారు. "అరవై రెండు మంది. ఆడపిల్లల్ని మచ్చలెక్కడున్నాయని నేను అడగలేకపోయాను. అడిగితే వాళ్లు చెప్పలేకపోయారు. అయిదింటికి కాగితాలు పంపాలి. ఒకరికి కుడి చెంప, ఒకరికి ఎడమ చెంప, ఒకరికి మెడ... వరసగా రాసుకుంటూ పోయాను. నీ ఒంటి మీద అప్పటికి ఒక్క మచ్చ కూడా లేదు. రాశాకే చూశాను నీ మొహం."

చంద్రకళకి కోపం వచ్చింది. పెద్దాయన మీద వచ్చినందుకు సిగ్గేసింది, అయినా కోపం తగ్గలేదు.

"కాగితాలు బోర్డుకి చేరిన సోమవారమే వచ్చాయి మాస్టారూ. మీరు రాసిన చోటు తెలీక ఇరవై ఎనిమిదేళ్లుగా తిరుగుతున్నాయి పాపం. మిగతా అరవై ఒక్క మందికి ఎందుకు రాలేదు?"

"వాళ్లు కాటుక పెట్టుకున్నారు." మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "క్లాసులో నేను చెప్పిందల్లా నమ్మిన పిల్లవి నువ్వొక్కదానివే."

నిజం రాసిస్తే సర్టిఫికెట్ అబద్ధమవుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. మళ్లీ అబద్ధం రాయడానికి ఆయనకి మనసొప్పలేదు. అటు నిజం కానిదీ ఇటు అబద్ధం కానిదీ ఒక మాట దొరకాలి. మచ్చల చోటు సవరించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాని ఏ చోటు రాసినా వారం దాటితే తప్పే. ఆమె ఒంటి మీద మారనిది ఒకటే ఉంది, మచ్చలు మారడం. దాన్నే గుర్తింపు చిహ్నంగా రాయాలి. సర్టిఫికెట్ ఇంగ్లీషులో ఉంది గనక ఇంగ్లీషులో ఒక విశేషణం కావాలి.

మాస్టారు డిక్షనరీ తెరిచారు. రెండు రోజులు కూర్చున్నారు. "అన్‌స్టేబుల్" అంటే ఆసుపత్రి నుంచి కాగితం తెమ్మంటారు. "వోలటైల్" అంటే అగ్నిమాపక శాఖ అనుమతి అడుగుతారు. "ఫికిల్" అనే మాటని, నిలకడ లేనిదంటూ ఆడవాళ్ల మీద నోరు పారేసుకునేవాళ్లు వాడతారు, దాన్ని ఆడపిల్ల సర్టిఫికెట్లో రాసే చెయ్యి తనది కాదన్నారు. "చేంజబుల్" అనేది దిండు గలీబుకి కూడా సరిపోతుంది. చంద్రకళకి "వేరియబుల్" నచ్చింది. అది బ్లాక్‌బోర్డు మీద ఉండాల్సిన మాట, ఒంటి మీద కాదన్నారు ఆయన.

"మ్యూటబుల్," అన్నారు మూడో రోజు. ఆ మాటని నోట్లో పటికబెల్లంలా కాసేపు ఉంచుకున్నారు. "మారే స్వభావం గలది. ఇందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. ఎవరు మార్చారని అడగదు, ఎందుకు మారిందని అడగదు. మారుతుంది, అంతే. ఇది నీదమ్మా."

అయిదో తారీఖున సవరణ దరఖాస్తు ఆఫీసులో పడింది. కామేశ్వరరావు గారు దాన్ని శ్రద్ధగా చదివారు. అభ్యర్థన సమంజసంగానే ఉంది, కాని ఆ మాట ఆఫీసులో ఇదివరకెన్నడూ ఏ ఫైలులోనూ వాడలేదు. ఫైలుకి కొత్తగా వచ్చే మాట ఏదైనా సరే, మనిషికి మల్లేనే, తన అర్థం, పని, నడవడిక తెలిపే పత్రం మూడు ప్రతుల్లో దాఖలు చేసుకోవాలి. మాస్టారు దాఖలు చేశారు.

"మ్యూటబుల్: విశేషణం. మారే స్వభావం గలది. ఒకసారి మారి ఆగిపోయినదానికి వాడరాదు. మారుతూ ఉండేదానికి మాత్రమే వాడవలెను." కింద మూడు ఉదాహరణలు. ప్రభుత్వ ఉత్తర్వులు మ్యూటబుల్. మనిషి అదృష్టం మ్యూటబుల్. చంద్రుడి ఆకారం మ్యూటబుల్.

మర్నాటికి అభ్యంతరాలు వచ్చాయి. మొదటి ఉదాహరణ క్రమశిక్షణకి విరుద్ధం. రెండోది, అదృష్టం ఈ శాఖ పరిధిలోకి రాదు. మూడోది ఆమోదయోగ్యమే గాని పంచాంగం జతచేయాలి. మాస్టారు పంచాంగం జతచేసి, కొట్టేసినవాటి బదులు ఒకటి కొత్తగా రాశారు. సూపరింటెండెంటు గారు సీట్లో ఉండే వేళలు మ్యూటబుల్. కామేశ్వరరావు గారు అది చదివి, మీసం కింద కొద్దిగా నవ్వి, ఎర్ర సిరాతో కొట్టేశారు. అర్థం ఆమోదమైంది. వాడుక విషయంలో మాత్రం ఒక చిక్కుంది, పన్నెండో తారీఖు స్వయంగా హాజరై వివరించాలని తాఖీదు వచ్చింది.

పన్నెండు సోమవారం. చంద్రకళ పొద్దున్నే పళ్లు తోముకుంటూ అద్దంలో చూసుకుంటే ఒక మచ్చ నాలుక మీద ఉంది. రెండోది అరికాలిలో. అత్తగారు పరుగున వచ్చి, కోడలి మాటకి ఎవరూ అడ్డు రాకూడదని గుమ్మంలో దిష్టి తీసింది. వరండాలో పైడిరాజుకి కూడా సంగతి తెలిసిపోయింది.

"నాలిక మీదికొచ్చినాది గదమ్మా! మరింకేటి ఆలోచన? ఉద్యోగం నాదే అని ఒక్క మాట అనీండి. అయిపోతాది."

"అనను పైడిరాజూ."

"ఏం? ఎందుకననరు?"

"లెక్క చేసి తీసుకుంటాను. అడిగి తీసుకోను."

పైడిరాజు తల కొట్టుకుని తలుపు తీశాడు.

లోపల కామేశ్వరరావు గారు ఫైలు ముందు పెట్టుకుని ఉన్నారు. గోడ మీద గడియారం పదీ నలభై చూపిస్తోంది. తొమ్మిదేళ్లుగా అదే చూపిస్తోంది. మాస్టారు మూల కుర్చీలో కూర్చున్నారు.

"మాటకి అర్థం బాగుందమ్మా," అన్నారు సూపరింటెండెంటు. "ఇబ్బంది వాడుకతోనే. మీరు ఎంపికైతే పర్మనెంటు ఉద్యోగి అవుతారు. గుర్తింపు చిహ్నం కూడా శాశ్వతమైనది కావాలని నిబంధన. పర్మనెంటు మనిషికి మ్యూటబుల్ అని ఎలా రాయమంటారు? రెండూ ఒక ఒరలో ఇమడవు."

చంద్రకళ సంచీలోంచి ఏడు నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటి పుస్తకం అట్ట మీద పదో తరగతి పిల్ల గుండ్రటి రాత ఉంది.

"ఇరవై ఎనిమిదేళ్లు సార్. పద్నాలుగు వందల యాభై ఆరు సోమవారాలు. వాన వచ్చిన సోమవారం ఉంది, బందు జరిగిన సోమవారం ఉంది, నాకు పురుడొచ్చిన సోమవారం ఉంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఎక్కడైనా చూసుకోండి."

ఆయన ఒక పుస్తకం మధ్యలో తెరిచారు. తరవాత ఇంకొకటి. వేలు పెట్టి తేదీలు చూసుకుంటూ పోయారు.

"బోర్డు మీద ఎక్స్ అని రాస్తాను సార్," అంది చంద్రకళ. గొంతు మొదట సన్నగా ఉంది, తరవాత క్లాసులో గొంతయింది. "దాని విలువ ఒక లెక్కలో మూడు, ఇంకో లెక్కలో ముప్పై. అలాగని ఎక్స్ నమ్మదగనిదని ఏ పిల్లాడూ అనడు. మారడమే దాని పని, ఆ పని అది మానదు. మీ గడియారం తొమ్మిదేళ్లుగా మారలేదు. అది శాశ్వతమే. దాన్ని చూసుకుని ఈ ఆఫీసులో ఒక్కరైనా ఇంటికెళ్తున్నారా? ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక్క వారం కూడా నాగా పెట్టనిది ఈ గదిలో ఏదైనా ఉంటే చూపించండి. నా సర్టిఫికెట్ చింపేసి వెళ్లిపోతాను."

కామేశ్వరరావు గారు గది చుట్టూ చూశారు. తొందరేమీ లేదు ఆయనకి. గడియారం చూశారు, మూడు రెక్కల్లో ఒకటి లేని ఫ్యాను చూశారు, హాజరుపట్టీ చూశారు. హాజరుపట్టీ మీద ఎక్కువసేపు చూడలేదు. చివరికి కిందకి చూసుకున్నారు, తన చొక్కా వైపు.

తరవాత కలం తీశారు. "నిరంతరాయంగా, క్రమం తప్పకుండా మారుతున్నందున, సదరు మార్పును శాశ్వత లక్షణముగా పరిగణించడమైనది" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. ముద్ర శబ్దం వరండా దాకా వినిపించింది. మాస్టారు లేచి నిలబడ్డారు, ఎందుకు లేచారో ఆయనకే తెలియలేదు. పైడిరాజు సాయంత్రం అయిదింటికి కొట్టాల్సిన గంటని ఆగకుండా కొట్టేశాడు. గోడ వెనక వరసలో ఉన్నవాళ్లు చెంపల మీద సగం పెట్టిన చుక్కలతోనే పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టారు. గెలిచింది వాళ్లలాంటి అభ్యర్థే గనక గట్టిగా కొట్టారు. చంద్రకళ మెట్ల మీద నిలబడి అందరి ముందూ ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది, దాచుకోలేదు. పద్దెనిమిదేళ్లుగా ఎవరి బడిలోనో చెప్పిన లెక్కలు ఇక తన బడిలో చెప్పుకోవచ్చు.

అందరూ వెళ్లాక కామేశ్వరరావు గారు తలుపు వేసి, మాస్టారిని ఆగమన్నారు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో మొదటిసారి ఆఫీసులో గొంతు బొత్తం విప్పారు. ఆయన సర్టిఫికెట్లో గొంతు కింద ఒక పుట్టుమచ్చ అని ఉంది. అక్కడ ఏమీ లేదు.

"ఆ మాట స్పెల్లింగు ఒకసారి చెప్పండి మాస్టారూ," అన్నారు. "నాదే రెండో దరఖాస్తు."

నెల తిరక్కుండా జిల్లాలో నాలుగు వేల దరఖాస్తులు వచ్చాయి. అందరివీ ఆఖరి రోజున, సాయంత్రం అయిదింటికి, ఎవరో ఒక మాస్టారు వరసగా రాసుకుపోయిన మచ్చలే. ముప్పై ఏళ్లుగా కాటుక పెట్టుకుని భయపడుతూ బతికినవాళ్లు ఇప్పుడు మొహం కడుక్కుని తలెత్తుకు తిరిగారు. ఆఫీసుల్లో మిఠాయిలు పంచారు. ఆరు నెలలకి సర్క్యులర్ వచ్చింది. ఇకపై నామినల్ రోల్స్‌లో గుర్తింపు చిహ్నాల దగ్గర మ్యూటబుల్ అని అచ్చు వేసే ఉంటుంది, ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. ఉద్యోగుల్లో ఎవరి మచ్చయినా వరసగా రెండు వారాలు ఒకేచోట కనిపిస్తే మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి. పుట్టుకతో నిజమైన మచ్చలున్న కొద్దిమంది పాపం చిక్కుల్లో పడ్డారు. వాళ్లు ఉన్న మచ్చకి పౌడరు అద్ది, సోమవారం సోమవారం కొత్త చోట చుక్క పెట్టుకుంటున్నారు. గోడ వెనక ముసలమ్మకి బేరం తగ్గలేదు.

చంద్రకళకి పోస్టింగు ఒక హైస్కూల్లో వచ్చింది. రెండో ఏడాది పదో తరగతి క్లాసు టీచరు కూడా ఆమే. యాభై ఎనిమిది మంది పిల్లల నామినల్ రోల్స్ గడువుకి మూడు రోజుల ముందే, ఒక శుక్రవారం పంపేసింది. ఎవరినీ సిగ్గుపడే ప్రశ్న అడగలేదు, ఒక్క అబద్ధం రాయలేదు. ఎబినేజరు మాస్టారికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. ఆయన ఎంతో మురిసిపోయారు.

సోమవారం ప్రార్థన అయ్యాక క్లాసులోకి వెళ్లేసరికి గోలగోలగా ఉంది. పిల్లలు చొక్కా చేతులు పైకి లాక్కుని, మెడలు వంచి, ఒకళ్లకొకళ్లు చూపించుకుంటున్నారు. నాకు మణికట్టు మీద, నాకు చెవి కింద. వచ్చే సోమవారం ఎక్కడికి వెళ్తాయోనని పందాలు కూడా వేసుకుంటున్నారు. చంద్రకళ బల్ల మీద డస్టరుతో కొట్టింది. హాజరు వేసుకుని, అందరినీ కొత్త నోటుపుస్తకం ఒకటి తెచ్చుకోమని చెప్పి, మొదటి పేజీలో తేదీ ఎక్కడ రాయాలో బోర్డు మీద గీసి చూపించింది.

మూడో బెంచీలో యామిని అనే పిల్ల లేచి నిలబడింది. కళ్ల నిండా నీళ్లున్నాయి.

"నాకు రానేదు టీచర్. పొద్దుట్నించీ ఎతుకుతన్నాను. మాయమ్మ కూడా ఎతికింది. ఎక్కడా నేదు."

చంద్రకళ దగ్గరికి వెళ్లి ఆ పిల్ల చేతులు పట్టుకుని చూసింది. మోచేతుల దాకా, మెడ దాకా, నున్నగా, శుభ్రంగా ఉన్న చర్మం. తన పదో తరగతి ఫొటోలో చెంప కూడా ఇలాగే ఉంటుంది.

"ఏడవకమ్మా, వస్తాయి," అంది ఎంతో ప్రేమగా. "శుక్రవారమే రాసి పంపేశాం కదా."

యామిని కళ్లు తుడుచుకుంది. టీచరు చెప్పింది నమ్మి కూర్చుంది.